పదిహేడో షరతు

"పదిహేడోది తప్ప అన్నిటికీ ఒప్పుకుంటాం," అన్నాను.

రేవు పక్కనున్న సర్కారు ఆస్పత్రిని మూసెయ్యాలన్నది పదిహేడో షరతు. కొత్త రోడ్డుకి విదేశీ సాయం కావాలంటే ముందు మన ఖర్చులు తగ్గించుకోవాలట. మూడు రోజులుగా ఆ ఒక్క వాక్యం దగ్గరే భీష్మించుకు కూర్చున్నాను. ఆర్థికశాఖలో నన్ను ఉడుంపట్టు అనేది ఊరికే కాదు.

సాయమిచ్చేవాళ్ల ప్రతినిధి నవ్వి, పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు. "సరే, మీ మాటే కానివ్వండి."

ఇంత తేలిగ్గానా అనిపించింది. అయినా గెలుపు గెలుపే కదా!

ఒప్పందం నాలుగు వందల పేజీలు. ముందు షరతులు, వెనక రోడ్డు మ్యాపులు. షరతులు మేం చదువుతాం, మ్యాపులు ఇంజినీర్లు చూసుకుంటారు. మా ఆఫీసులో మొదట్నించీ అంతే. చకచకా ప్రతి పేజీ మూలా ఇనీషియల్ గిలికేసి, వరండాలోకొచ్చి అక్కకి ఫోన్ చేశాను. ఆ ఆస్పత్రిలో అక్క హెడ్‌నర్సు.

"మీ ఆస్పత్రికి ఇంక ఢోకా లేదక్కా! ఆ షరతు కొట్టేయించాను."



"మరి పొద్దున రోడ్డువాళ్లొచ్చి పిల్లల వార్డు గోడ మీద ఎర్రరంగుతో నంబర్లెందుకు వేసి వెళ్లార్రా?"

గబగబా లోపలికెళ్లి మ్యాపు తెరిచాను. రోడ్డు ఎక్కడా వంపు లేకుండా రేవు దాకా పోతోంది. ఆస్పత్రి ఉండాల్సిన చోట రోడ్డే ఉంది, ఆస్పత్రి అనేదే లేదు.

కింద మూల నా ఇనీషియల్. సిరా ఇంకా ఆరలేదు.