ఒత్తు లేని ఇమ్మానుయేలు

డిసెంబరు వస్తే క్రిస్మస్ చెట్టుకి సరుగుడు కొమ్మ తేవాలి, మైదా జిగురు కాచాలి, వెదురుబద్దలతో నక్షత్రం కట్టాలి. కొమ్మకి కట్టే "ఇమానుయేలు" తోరణాన్ని రంగుకాగితంతో అమ్మే కత్తిరించాలి. ఒత్తు అతికిస్తే ఊడిపోతుందని ఎప్పుడూ పెట్టదు.

ఆ ఏడు వీధిలో ప్రతి ఇంట్లోని కాగితాలు కత్తిరించే యంత్రమూ అదే ఒత్తులేని తోరణం కత్తిరించింది, "అచ్చమైన చేతిపని" అన్న చీటీతో.

"గోడకున్న మన కెమెరా, ఆ గోడకన్ను, నిన్ను చూసి అన్ని యంత్రాలకీ నేర్పిందమ్మా," అన్నాను.

"చూడమని దానికెవరు చెప్పారే?"

"ఒప్పందంలో ఉంది. సరేనని నేనే నొక్కాను. చదవలేదు."

"ఇంట్లో ఉన్నది ఒక్క డిగ్రీ. అదీ చదవకుండానే నొక్కిందా?"

అమ్మ కత్తెర డబ్బాలో పెట్టేసింది. మళ్లీ తీయలేదు.

మీ ఇంట్లో ఒత్తు లేని ఇమ్మానుయేలు వేలాడుతుంటే, మా అమ్మ దోనేపూడి కరుణమ్మను దయచేసి ఒక్కసారి తలుచుకోండి.