మణికట్టు మీద రెండు వేళ్లు

“కదలకు. మాట్లాడకు.”

“ఊపిరి పీల్చుకోవచ్చా? దానిక్కూడా పరీక్ష అయ్యేదాకా ఆగాలా?”

“ఇదిగో, మళ్లీ లెక్క పోయింది.”

భార్య మణికట్టు మీద రెండు వేళ్లు ఉంచి, గోడ గడియారం ముల్లుకేసి చూస్తూ అతను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఉదయం ఆరు గంటలు. ఆమె ఇంకా మంచం దిగలేదు. లేచి నడవకముందే నాడి లెక్కపెట్టాలని ట్రెయినర్ పరీక్ష పుస్తకంలో ఉంది. నిమిషం గడిచింది. నలభై నాలుగు వచ్చింది. నిన్న నూట పద్దెనిమిది. మొన్న యాభై ఒకటి. డెబ్బైకి కాస్త అటూ ఇటూగా రావాలని కూడా పుస్తకంలోనే ఉంది.

“ఇంకా బతికే ఉన్నానా?” అందామె.

“నా లెక్క ప్రకారం సగమే.”

ఇద్దరూ నవ్వారు. ఆమె ముందు ఆపింది.

అతను గోడౌన్‌లో పంతొమ్మిదేళ్లు బస్తాలు మోశాడు. అక్కడ అతన్ని క్రేన్ అని పిలిచేవాళ్లు. కిందటేడు గోడౌన్‌కి నిజం క్రేనే వచ్చింది. పని పోయాక వీధి చివర జిమ్‌లో నేల తుడవడానికి చేరాడు. జిమ్ యజమాని అతని భుజాలు చూసి ఒక మాటన్నాడు.

“ట్రెయినర్ సర్టిఫికెట్ తెచ్చుకో, ఉద్యోగం ఇస్తా. లేదంటే ఈ సీజన్ వరకే. తుడవడానికి మెషిన్ వస్తోంది.”

రెండుసార్లు రాత పరీక్షలో పోయాడు. మూడోసారి పోతే ఇక రాయనివ్వరు. ఈసారి నాడి పరీక్ష కూడా కొత్తగా చేర్చారు. ముక్కూమొహం తెలియని ముగ్గురి నాడి వేళ్లతో లెక్కపెట్టాలి. యంత్రం చూపే అంకెతో అది సరిపోవాలి. దానికి ముందు, ఎనిమిది వారాలు ఒక మనిషి చేత వ్యాయామం చేయించి, రోజూ నాడి చిట్టా రాసి పంపాలి. నేల తుడిచేవాడు చెయ్యి ఇవ్వమంటే జిమ్‌లో ఎవరిస్తారు? భార్య ఇచ్చింది.

వాళ్లుండే భవనానికి మూడంతస్తుల మెట్లు. మొదటి వారం ఆమె మూడూ ఎక్కింది. మూడో వారానికి రెండు. అయిదో వారం ఒక అంతస్తు ఎక్కి గోడ పట్టుకుని నిలబడింది.

“ఇంకొక్కటి. రా.”

“నా వల్ల కాదయ్యా.”

“క్లయింటుని ఉత్సాహపరచాలని ఉంది పుస్తకంలో.”

“అయితే పుస్తకాన్నే ఎక్కించు.” ఆమె మెట్టు మీద కూర్చుంది. “లోకంలో ఎవరికైనా వ్యాయామం చేస్తే బలం వస్తుంది. నువ్వు చేయిస్తే ఉన్నది పోతోంది.”

సరదాకే అంది. అతనికి మాత్రం ఆ మాట రెండు రోజులు చెవుల్లోనే ఉండిపోయింది.

ఆరో వారం చిట్టా చూసి, పరీక్షకి పాఠాలు చెప్పే కోచ్ ఫోన్ చేశాడు. పాఠాలన్నీ ఫోన్‌లోనే. కోచ్‌ని అతను ఎదురుగా చూసింది లేదు.

“అన్నా, ఏంటీ అంకెలు? లాటరీ నంబర్లా?”

“మధ్యలో ఆగిపోతోంది సార్. కాసేపటికి మళ్లీ దొరుకుతోంది.”

“ఆగేది పల్స్ కాదన్నా, జారేది మీ వేలు. ఈ అంకెలే నిజమైతే మీ ఆవిడ ఇంట్లో కాదు, ఆసుపత్రిలో ఉండాలి. ఇదివరకు ఏం పని చేసేవారు?”

“బస్తాలు మోసేవాణ్ణి.”

“అదీ సంగతి. కాయలు కాసిన చేతులకి ఏం తెలుస్తుంది? చిట్టాలో డెబ్బై రెండు, డెబ్బై నాలుగు అని నింపి పంపేయండి. పరీక్షలో మాత్రం మీ అదృష్టం.”

ఆ సాయంత్రం అతను గరుకు రాయితో వేళ్ల కొసలు రుద్దుకున్నాడు. చర్మం లేచి, కింద ఎరుపు కనిపించేదాకా రుద్దాడు. మర్నాడు ఉదయం నలభై ఒకటి వచ్చింది.

చిట్టాలో డెబ్బై రెండు అని రాశాడు. మిగతా రోజులకి కూడా అప్పుడే రాసేశాడు.

ఆ తర్వాతి ఉదయం ఆమె మంచం మీంచి చెయ్యి చాపింది.

“ఏం, ఇవాళ పట్టుకోవా?”

“ఎందుకు? నాకు రాదని తేలిపోయిందిగా.”

“లెక్క రాకపోతే మానె. ఊరికే పట్టుకో.”

అతను చీపురు పనికి వేళైందని వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాడు. ఆమె మెట్ల మొదట్లోనే కూర్చుని ఉంది, పక్కన కూరగాయల సంచి.

“ఎలా అయింది?”

“రాత పర్వాలేదు. వ్యాయామం చేసి చూపించమన్నారు, చూపించా. పల్స్ దగ్గర పోయినట్టే.”

“లెక్కపెట్టలేదా?”

“పెట్టా. వేళ్లకి తోచింది రాసిచ్చా. ఈ వేళ్లని నమ్ముకుంటే నట్టేట్లో మునిగినట్టే.”

“పోతే పోనీలే. పెళ్లాన్ని ఒక్క అంతస్తు ఎక్కించలేనివాడివి, ఊరందర్నీ ఏం ఎక్కిస్తావ్?”

అతను నవ్వలేదు. ఆమె చెయ్యి ఇచ్చింది. లాగి లేపాడు. సంచి తనే తీసుకున్నాడు. పై గుమ్మం చేరేలోపు ఆమె మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ అతను తన వేళ్లకేసే చూసుకున్నాడు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం ఫలితం ఫోన్‌కి వచ్చింది. జిమ్‌లో అప్పటికే కొత్త మెషిన్ నేల తుడుస్తోంది. అతను వంటగదిలో నిలబడి చదివాడు. ఆమె లోపల పడుకుని ఉంది. ఈమధ్య మధ్యాహ్నాలు పడుకుంటోంది.

రాతలో అరవై మూడు. వ్యాయామంలో డెబ్బై.

“ఏమేవ్, రెండు గట్టెక్కాయి!”

“సంబరపడకు,” అంది ఆమె లోపల్నుంచి. “మూడోది చూడు ముందు.”

అతను బొటనవేలితో తెర పైకి జరిపాడు.

నాడి లెక్కలో నూటికి నూరు వచ్చాయి.