పెన్సిలక్కకి ఉత్తరం

దేముడమ్మ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంది.

నీలిమకి నవ్వు ఆగలేదు.

పలాస డయాలసిస్ కేంద్రంలో నీలిమ తల్లి గౌరమ్మది కిటికీ పక్క మంచం. ఆ పక్క మంచం దేముడమ్మది. ఇద్దరిదీ సోమ, బుధ, శుక్రవారాల వంతు. ఒంట్లోని రక్తం మిషన్‌లోకి వెళ్లి శుభ్రపడి రావడానికి నాలుగు గంటలు పడుతుంది. ఆ మూడ్రోజులూ బడి మానుకుని, తల్లికి తోడుగా మందస నుంచి బస్సులో వచ్చే నీలిమకి ఆ నాలుగు గంటలూ గడవడం గగనమే.

గడిచేది మూల బల్ల మీది పుస్తకాల వల్ల.

అవి ఎవరు పెట్టారో నర్సుకి కూడా తెలీదు. ఆమె ఉద్యోగంలో చేరేసరికే ఉన్నాయట. కథలు, నవలలు, పాత వారపత్రికలు. వాటి అంచుల్లో ఎవరో పెన్సిలుతో సన్నగా రాసిన మాటలు.

'ఈ పిల్ల ఇక్కడ నోరు విప్పాల్సింది.'

'ఈ పేజీ కష్టం. వదలొద్దు, రెండోసారి చదువు.'

'ఏడుపొస్తే ఏడు. ఏడ్చాక పేజీ తిప్పు.'

ఆ రాసిన మనిషికి నీలిమ పెన్సిలక్క అని పేరు పెట్టేసుకుంది. మీకు ఆదర్శం ఎవరో రాయమని బళ్లో టీచరు అడిగితే, పదో తరగతి పిల్లలంతా కలెక్టర్లనీ క్రీడాకారిణులనీ రాశారు. నీలిమ పెన్సిలక్క అని రాసి నవ్వులపాలైంది. అయినా మార్చలేదు. పెన్సిలక్క ఏ కాలేజీలోనో లెక్చరరై ఉంటుందనీ, కళ్లజోడు పెట్టుకుని ఇస్త్రీ చీర కడుతుందనీ ఆమె గట్టి నమ్మకం.

దేముడమ్మవి ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు. వేళ్ల కొసలు జీడి పట్టి నల్లబడిపోయాయి. ఆ నలుపు ఏ సబ్బుకీ లొంగదు. వచ్చిన రోజల్లా మంచం ఎక్కేముందు బల్ల దగ్గర ఆగి, పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తడిమేది. పేజీల మూలల్లో నల్లటి వేలిముద్రలు కనిపించినప్పుడల్లా నీలిమకి ఒళ్లు మండేది.

పైగా రోజూ అదే గోల.

"ఏటి సదువుతన్నావమ్మా? నాకూ కూసింత సదివి పెట్టవా?"

నీలిమ వినపడనట్టు పేజీ తిప్పేది. చదువు రానివాళ్లకి కథలెందుకని ఆమె అభిప్రాయం. పదిహేనేళ్ల వయసులో అభిప్రాయాలకి కొదవుండదు మరి.

ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. పరీక్షలు రాసేశాక ఇక చదువు చాలన్నాడు తండ్రి పోలారావు. కోప్పడి అనలేదు. కొబ్బరితోట పని ఒక్కరోజు మానినా ఇల్లు గడవదు.

"వారానికి మూడ్రోజులు మీ యమ్మతో ఎవులెల్తారే?" అన్నాడు.

గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నీలిమకి అడగడానికి ఒక్క మనిషే కనిపించింది. నోటుబుక్కులోంచి కాగితం చింపి రాసింది. 'పెన్సిలక్కా, నన్ను చదువు మానేయమంటున్నారు. అమ్మను వదల్లేను. చదువూ వదల్లేను. ఏం చెయ్యాలో చెప్పవా?' దాన్ని మడిచి, పెన్సిలు రాతలు ఎక్కువగా ఉన్న నవలలో పెట్టింది.

వారం గడిచింది. ఉత్తరం పెట్టినచోటే ఉంది.

ఆ సోమవారం అది దేముడమ్మ చేతిలో కనిపించింది. బల్ల దగ్గర నిలబడి, మడత విప్పి, కాగితాన్ని పైనుంచి కిందకి వేళ్లతో నిమురుతోంది. ఎన్నడూ లేనంత సంతోషంగా ఉంది ఆ ముఖం.

"అమ్మా, ఈ కాయితంలో ఏటి రాసుందో సదివి పెట్టమ్మా. ఇదొక్కటే. మరింకేటీ అడగను."

నీలిమ ఒక్క అంగలో వెళ్లి లాక్కుంది.

"ఇది నీకు రాసింది కాదు."

దేముడమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడ పట్టుకుని మెల్లగా మంచం దగ్గరకి నడిచింది. అక్కడికొచ్చేవాళ్లలో సగం మంది గోడ పట్టుకునే నడుస్తారు కాబట్టి నీలిమకి వింతగా తోచలేదు.

బుధవారం ఆ మంచం ఖాళీ.

శుక్రవారం దాని మీద వేరే మనిషి ఉంది. ఏమైందని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. గౌరమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

మరుసటి వారం ఒకావిడ సంచితో వచ్చి బల్ల మీద పుస్తకాలు పేర్చసాగింది. సంచిలోంచి చివరికొచ్చిన పెన్సిలు ముక్క ఒకటి తీసి పక్కన పెట్టింది.

నీలిమ ఆ పెన్సిలుని చూసింది. పరుగున వెళ్లి, ఇవి ఎవరిచ్చారని అడిగింది.

"మా యప్పవమ్మా. దేముడమ్మ. ఇంటికాడ మిగిలినవి ఇక్కడ పెట్టీమంది."

వచ్చినావిడ దేముడమ్మ చెల్లెలు. అక్కని ఏడో తరగతిలో చదువు మాన్పించి పిక్కల పనిలో పెట్టారట. పాత పుస్తకాలు కొనుక్కుని, పనిలో దొరికిన కాస్త తీరికలో చదువుతూ అంచుల్లో రాసుకునేదట. పిక్కలు కొట్టేదాని పుస్తకాలంటే పిల్లలు ముట్టరని, పేరు ఎవరికీ చెప్పనిచ్చేది కాదట. రెండేళ్ల కిందట బీపీ పెరిగి చూపు పోయింది. మనుషుల నీడలు తప్ప అక్షరాలు ఆనేవి కావట.

ఆ రోజు లాక్కున్న ఉత్తరం నీలిమ జామెట్రీ బాక్సులో అలాగే ఉంది.

చెల్లెలు కళ్లు తుడుచుకుంది.

"ఆ సోమారం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఏటయిందప్పా అంటే, 'నాకెవులో ఉత్తరం రాసినారనుకున్నానే, నాకు రాసింది కాదంట' అన్నాది."