ఇరవై ఐదో మెట్టు

మల్టీమీటర్ మీద 1.601 కనిపించింది. 1.500 వోల్టులు ఉండాలి.

కిరణ్మయి ప్రోబ్ తీసి, కొన తుడిచి, మళ్లీ పెట్టింది.

1.601.

ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లోని ఆ కంపెనీ అంబులెన్సుల్లో వాడే మానిటర్లు తయారు చేస్తుంది. ప్రాసెసర్‌కు ఎన్ని వోల్టులు అందాలో చూసే పాత రెగ్యులేటర్ చిప్ 2008లో దొరకడం ఆగిపోయింది. ఎన్నో కంపెనీలు ఉచితంగా పంచుకునే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ లినక్స్ కెర్నెల్. అది కొత్త చిప్‌ను గుర్తించేలా, పాత చిప్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములో కోడ్ చేర్చే పని ఆమెకు ఇచ్చారు.

చేసింది. మంగళవారం కెర్నెల్ మెయిలింగ్ లిస్టుకు పంపింది. అక్కడ రాసింది ఎవరైనా చదవొచ్చు, చెరపడం కుదరదు. చివర ‘పరీక్షించాను’ అని రాసింది.

ఆ డ్రైవర్ల బాధ్యత చూసే స్కాట్లండ్ ఆయన బుధవారం దాన్ని కెర్నెల్‌లోకి తీసుకున్నాడు.

కొత్త చిప్‌లో వోల్టేజికి ముప్పై రెండు మెట్లు, సున్నా నుంచి ముప్పై ఒకటి దాకా. ఆమె పరీక్షించినవి మూడు. తమ బోర్డు వాడేవి అవే. మిగతావి పాత చిప్ లెక్కలోనే ఉంటాయనుకుంది.

గురువారం పొద్దున ల్యాబ్‌లో బెంచి ఖాళీగా ఉంది. మిగతావి కొలవడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు.

ఇరవై నాలుగో మెట్టు దాకా లెక్క సరిపోయింది. ఇరవై ఐదు నుంచి ఒక్కో మెట్టుకు పెరిగేది రెట్టింపైంది. చిప్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన డేటాషీట్ తొమ్మిదో పేజీలో, పట్టిక కింద చిన్న అక్షరాల్లో, ఆ సంగతి ఉంది.

ల్యాబ్ చూసే హన్మంతు మీటర్ వైపు వంగి చూశాడు. కరీంనగర్ మనిషి. ఆమెకన్నా పదేళ్లు పెద్ద.

“మన బోర్డు ఒకటి పాయింట్ మూడు దాటది గద.”

“మనది దాటదు. వేరేవాళ్లది దాటొచ్చు గదన్నా. వాళ్ల ప్రాసెసర్ కాలిపోతుంది.”

“సోమవారం నీ రివ్యూ ఉన్నది. అది అయినంక పంపు. ఎవలకెరుక?”

“నాకెరుకే గదన్నా.”

ఆమె ఆరు నెలల ప్రొబేషన్ సోమవారంతో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం కాకపోతే వర్క్ పర్మిట్ ఉండదు. భర్త విద్యాసాగర్ వీసా కూడా ఆ పర్మిట్ మీదే ఉంది.

మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పింది. కొన్నాళ్లాగి ఇంకో మార్పుతో కలిపి సరిచేయొచ్చు కదా అన్నాడతను. కంపెనీ అడ్రస్ నుంచి తప్పు ఒప్పుకుంటూ మెయిల్ వెళ్లడం అవసరమా అని అడిగాడు. వద్దని మాత్రం అనలేదు.

పన్నెండు కాకముందే మెయిల్ వెళ్లింది. అందులో నాలుగు వాక్యాలు.

మంగళవారం నేను పంపిన మార్పు తప్పు. పరీక్షించానని రాశాను. ముప్పై రెండింటిలో మూడే పరీక్షించాను. దయచేసి దాన్ని తీసేయండి.

ఇరవై నిమిషాల్లో స్కాట్లండ్ నుంచి జవాబు వచ్చింది. తీసేశాను, అన్నీ కొలిచి పంపండి అని.

సోమవారం పది గంటలకు రివ్యూ జరిగింది. ఉద్యోగం ఖాయం చేయలేదు. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. కారణం రాసే చోట ‘పరీక్ష పూర్తి కాకుండా పంపారు’ అని ఉంది.

ఆమె చదివింది. నిజమేనని చెప్పి సంతకం పెట్టింది.

ల్యాబ్‌కు వచ్చేసరికి హన్మంతు బోర్డుకు వైర్లు కలిపి ఉంచాడు. రివ్యూ సంగతి అడగలేదు. అతను అంకె చదివాడు, ఆమె రాసుకుంది. ముప్పై రెండు మెట్లు, ఒక్కోటి మూడుసార్లు. నాలుగు గంటలకు కొత్త మార్పు సిద్ధమైంది.

కొలిచిన మనిషి పేరు కూడా మార్పు కింద రాయడం ఆ లిస్టులో ఆనవాయితీ. తర్వాత తప్పు తేలితే ఆ పేరూ అక్కడే ఉంటుంది. హన్మంతు ఈ దేశం వచ్చి పదకొండేళ్లు. అతని పేరు ఆ లిస్టులో ఎక్కడా లేదు.

“కింద నా పేరు గూడ పెట్టు,” అన్నాడు.

ఆమె అతని వైపు చూసింది. తర్వాత టైప్ చేసింది. పంపబోయింది.

“ఆగు,” అన్నాడు హన్మంతు. కుర్చీ లాక్కుని మీటర్ ముందు కూర్చున్నాడు. “సున్నా నుంచి మళ్ల సూద్దాం.”