చలిదేశం కారు

ముదిగుబ్బ దాటగానే చెన్నప్ప మళ్ళీ కసిరాడు.

"ఆ వేడిగాలి ఆపు షావలీ."

"మీట లాగినా ఆగల్లేదన్నా," అన్నాడు డ్రైవరు.

బెంగళూరులో ఎవరో దొర అమ్మేసిపోయిన కారు అది. చలిదేశానికని చేసిన బండి, లోపల వేడిగాలి పెట్టె ఉంది. ఇన్నేళ్ళూ ఊరకే పడివున్న పెట్టెకు అనంతపురం మే నెలలో పని చేయాలని బుద్ధి పుట్టింది.

వెనక సీట్లో చెన్నప్ప తల్లి తిప్పమ్మ. పొద్దున ఎండలో చేన్లో పడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. జ్వరానికి గాలి తగలకూడదని చెన్నప్పే కంబళి చుట్టి, అద్దాలు ఎత్తించాడు.

ఉక్క భరించలేక షావలి బండి ఆపి బానెట్ ఎత్తాడు.

పంచరైన సైకిలు తోసుకుంటూ ఒకతను వచ్చాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన తువ్వాల. ముందు తలుపులోంచి చెయ్యి పెట్టి చూశాడు.

"ఏమప్పా, ఈ ఎండ చాల్లేదని లోపల కుంపటి పెట్టుకున్యారా?"

"ఎగతాళి సాలు. తెలిస్తే సూడు, లేకుంటే పో," అన్నాడు చెన్నప్ప.

అతను ఇంజను పక్కన రెండు రబ్బరు పైపులూ పట్టి చూశాడు.

"రెండూ కాల్తాండాయి. కొళాయి మూసుకోలేదు. మీట తీగ ఊడిపోయుండాది."

షావలి ఇచ్చిన పటకారుతో కొళాయి తిప్పాడు. వేడిగాలి తగ్గింది.

"బండికి జ్వరం దిగిందిలే," అని నవ్వుతూ వెనక తలుపు తీశాడు.

నవ్వు ఆగిపోయింది.

కంబళి లాగి పారేశాడు. బంపరుకు కట్టిన నీళ్ళసంచి విప్పి ముసలామె తల మీద, ఎద మీద కుమ్మరించాడు.

చెన్నప్ప అతని రెక్క పట్టి ఈడ్చాడు.

"ఏం చేస్తాండావురా? జ్వరమొచ్చిన మనిషిని తడుపుతావా? సన్నిపాతం కమ్మి సచ్చిపోతాది."

"ఇంకా నీళ్ళు పొయ్యల్లప్పా. అద్దాలు దించు. నా మాట ఇను, నేను..."

"నువ్వెవురైతే నాకేమిరా? బండి సూడమంటే మాయమ్మ మీద చెయ్యేస్తావా?"

ఒక్క తోపు తోశాడు. అతను పోయి కంకరలో పడ్డాడు. మీద సైకిలు పడింది.

"కంబళి కప్పొద్దు," అని వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

చెన్నప్ప కప్పాడు. దారి పొడుగునా వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

తాలూకా ఆసుపత్రిలో కాంపౌండరు యేసన్న కంబళి తీసి, తిప్పమ్మ మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఎవురప్పా ఇది కప్పింది? వడదెబ్బకు నీళ్ళు పోస్తా రావల్ల గదా."

"నీకేం తెలుసు? డాక్టర్ని పిలువు ముందు."

యేసన్న ఆ చేతిని మెల్లగా ఆమె గుండెల మీద పెట్టాడు.

"ఇంక పిల్చి ఏం లాభం? ఉండేది ఒక్క డాక్టరు. పల్లెలో కాన్పుందని తెల్లారే సైకిల్లో పోయినాడు, మీరొచ్చిన దావనే. యాడో బానెట్ ఎత్తిన బండి కనపడుంటాది, దాంట్లో చెయ్యి పెట్టందే రాడు ఆ మహానుభావుడు."