వంకర రోడ్ల ఊరు

"హాజీ, మీ రోడ్డు మళ్ళీ వంకర పోయింది!"

తామెర్ అలా అనగానే కంప్యూటర్ల ముందున్న కుర్రాళ్ళంతా కుర్చీలు తిప్పి చూశారు.

మూల కుర్చీలోని ముసలాయన నవ్వి ఊరుకున్నాడు.

కైరో శివార్లలో ఇజ్బత్ రమ్మాన్ అనే ఇరుకు పేట. అందులో తామెర్‌ది ఇంటర్నెట్ షాపు. ముసలాయన రెండు నెలలుగా రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే వస్తున్నాడు. పేరెవరూ అడగలేదు; పెద్దాయన కదాని హాజీ అనేవాళ్ళు. ఆడేది ఒకటే ఆట. ఊళ్ళు కట్టే పాత ఆట. రోడ్లు వెయ్యాలి, కరెంటూ నీళ్ళూ ఇవ్వాలి. జనం వచ్చి ఇళ్ళు కట్టుకుంటారు, ఊరు పెరుగుతుంది.

ఆయన ఊరు మాత్రం పెరగదు.

ఎందుకంటే ఆయన ఒక్క ఇల్లూ కూల్చడు. ఇల్లు అడ్డొస్తే రోడ్డునే పక్కకి తిప్పుతాడు.

"ఇలాగైతే ఆటలో మీ మేయరు పదవి ఊడుతుంది హాజీ!"

"ఊడనీ నాయనా. కూర్చోడానికి నీ కుర్చీ ఉందిగా."

ఆ రోజు షాపు నిండుగా ఉంది. అంతమంది చూస్తుంటే తామెర్‌కి హుషారొచ్చింది.

"జరగండి. ఊరు కట్టడమంటే ఏంటో నేను చూపిస్తా."

ఆయన చేతిలోంచి మౌస్ లాక్కున్నాడు. బుల్‌డోజర్ బొమ్మ నొక్కి, నది ఒడ్డునున్న చిన్న ఇళ్ళ మీదుగా ఒక్క గీత లాగాడు. స్పీకర్లు ధనధనమన్నాయి. నలభై ఇళ్ళు మట్టయ్యాయి.

అక్కడ వెడల్పాటి రోడ్డు వేశాడు. చూస్తుండగానే రెండు పక్కలా మేడలు లేచాయి.

"చూశారా! రెండు నెలల్లో మీవల్ల కానిది రెండు నిమిషాల్లో అయింది!"

కుర్రాళ్ళు ఈలలు వేశారు.

ముసలాయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"వాళ్ళెక్కడికి పోయారు?"

"ఎవరు?"

"ఆ ఇళ్ళలో వాళ్ళు."

షాపంతా గొల్లున నవ్వింది.

"మంచాలు నెత్తిన పెట్టుకుని మా ఇంటికే వచ్చారు హాజీ!" అన్నాడు తామెర్. "మా అమ్మ వాళ్ళకి పప్పు వండుతోంది."

ఆయన మెల్లగా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి సలాం చెప్పాడు.

నవ్వుల్లో ఎవరూ తిరిగి సలాం చెప్పలేదు.

మర్నాడు అసర్ నమాజు అయింది. మూల కుర్చీ ఖాళీ.

తామెర్‌కి మనసు చివుక్కుమంది. ఆయన అంతకుముందు దాచుకున్న ఊరిని వెతికి మళ్ళీ తెరిచి పెట్టాడు. నలభై ఇళ్ళూ అలాగే ఉన్నాయి. వస్తే తప్పయిందని చెప్పాలనుకున్నాడు. అదీ, కుర్రాళ్ళకి వినపడకుండా చెప్పాలనుకున్నాడు.

నాలుగు రోజులు అలాగే గడిచాయి.

శుక్రవారం నమాజు తర్వాత వీధిలోంచి ఒక జనాజా వెళ్ళింది. దుకాణాలన్నీ షట్టర్లు దించేశాయి. పెద్ద వయసు మగవాళ్ళు పాడె మోయడానికి పోటీపడుతున్నారు. తామెర్ తల్లి చెప్పులైనా లేకుండా మేడ దిగి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఎవరమ్మా?"

"మసీదు వెనక గదిలో ఒంటరిగా ఉండేవాడట. సాయంత్రాలు ఏదో కంప్యూటర్ షాపులో ఆడుకునేవాడట."

తామెర్ షాపు వైపు తిరిగాడు.

"నా షాపులోనే."

తల్లి అతని భుజం పట్టుకుంది.

"నీ దగ్గరికా వచ్చాడు? టీ ఇచ్చావా? మర్యాదగా మాట్లాడావా?"

తామెర్ తల దించుకున్నాడు.

"చెప్పరా!"

"నవ్వానమ్మా. అందరి ముందూ."

ఆమె చెయ్యి భుజం మీంచి జారిపోయింది.

"గుర్తింపు కార్డు మీద పేరు చూసేదాకా ఆయనెవరో మాకూ తెలియలేదు" అంది. "నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు ఈ పేటని కూల్చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఒక్క రోజు గడిస్తే కోర్టు ఆపేస్తుందన్నాడు మన లాయరు. ఆ ఒక్క రోజూ మాకిచ్చింది ఈయనేరా, మన గుమ్మం ముందు బుల్‌డోజర్ ఆపి, దాని తాళంచెవి మురిక్కాలవలోకి విసిరేసి, నాలుగేళ్ళు జైల్లో ఉన్న డ్రైవరు బయూమీ."