గచ్చు నిలవని గోడ

నిన్న గోడకు వేసిన గచ్చు తెల్లారేసరికి ధబ్బున ఊడిపడింది.

నేలమాళిగలో పడుకున్న అబ్రహాం ఉలిక్కిపడి లేచాడు. లేస్తూనే దగ్గు అందుకుంది.

సువార్త మెట్లు దిగి పరుగున వచ్చి తమ్ముడి నోటికి కొంగు అడ్డం పెట్టింది. ఆ దగ్గు వింటేనే ఆమెకు పై ప్రాణాలు పైనే పోతాయి.

బడి మీద భారత యూనియన్ జెండా ఎగరేసినందుకు నిజాం పోలీసులు అబ్రహాం కోసం ఊరంతా గాలిస్తున్నారు. చిలకలగూడలోని ఈ అద్దె ఇంటి కింద గది అతనికి ఆసరా అయింది. వెనకటికి ఎవరో తెల్లదొర షాబాదు బండలు పరిపించి, గోడలు నున్నగా తీయించి ముచ్చటగా కట్టించుకున్న గది అది. ఎండాకాలం హాయిగానే గడిచింది. వానలు పడగానే గోడలు నీళ్లు కక్కడం మొదలుపెట్టాయి. చెమ్మకు అబ్రహాంకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వీధిలోకి వినిపిస్తోంది. చెమ్మ ఆగితేగాని దగ్గు ఆగదు, దగ్గు ఆగితేగాని మనిషి దక్కడు.

భర్త రిచర్డ్ రైల్వే పని మీద కాజీపేట వెళ్లి అక్కడే చిక్కుపడిపోయాడు. సువార్త కాలుకాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి బన్సీలాల్‌పేట సున్నం దుకాణంలో అడిగింది, చెమ్మ ఆపే ఉపాయం ఏదైనా ఉందా అని.

మర్నాడే ఒకతను తాపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పేరు పర్వతాలన్నాడు.

"సున్నంల కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి గచ్చు ఏస్తనమ్మా. చుక్క దిగదు."

మాటలు కోటలు దాటాయిగాని గచ్చు మాత్రం గోడను అంటలేదు. వేయడం, ఊడడం, మళ్లీ వేయడం. అతను కింద ఉన్నంతసేపూ అబ్రహాంను పైన వెనక గదిలో దాచి, సువార్త వాకిట్లో కాపలా కాసేది. పొద్దున బడిలో పంతులమ్మగా పాఠం చెప్పి వచ్చాకే అతన్ని పని మొదలుపెట్టనిచ్చేది; బడిలో ఉన్నా ఆమె మనసు ఇంటి దగ్గరే ఉండేది.

అసలే అనుమానం పెనుభూతం. దానికి తోడు ఆమెకు రెండు సంగతులు కంటపడ్డాయి.

సున్నం పని చేసేవాళ్ల చేతులు పగిలి ఉంటాయి. ఇతని అరచేతులు పంతులు చేతుల్లా మెత్తగా ఉన్నాయి.

రెండోది, పైన తమ్ముడు దగ్గినప్పుడల్లా కింద ఇతను సుత్తి అందుకుని గోడ బాదేవాడు. పనికి ఆ బాదుడు అవసరమే లేదు. మనిషిని దాచిన చోటు ఎక్కడో బోలుగా మోగుతుందని వెతుకుతున్నాడు, వీడు మేస్త్రీ కాదు సి.ఐ.డి. అని ఆమె తేల్చుకుంది.

ఆ పొద్దే కిందికి దిగి, రేపటి నుంచి రావద్దని చెప్పింది.

పర్వతాలు తడిగోడకు తాపీ ఆనించి ఆమె వైపు తిరిగాడు.

"జెర రెండు మూడు దినాలు ఆగమ్మా. పని సగంల ఉన్నది."

"ఉంటే ఉండనియ్యి. నువ్వు రావద్దు."

"నేను పోతే నా జాగల ఇంకొకడొస్తడు. వాడు నా తీరుండడు."

"వచ్చేటోణ్ని నేను చూసుకుంట, నువ్వు పో."

అతను తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు. సువార్త తలుపు గడియ పెట్టి, మోకరించి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. ఎన్నాళ్లకో కడుపు నిండా అన్నం తింది.

మర్నాడు ఎవరో బాటసారి దాహమంటూ వచ్చి, నీళ్లు తాగి, అరుగు మీద కాసేపు కూర్చుని పోయాడు. సాయంత్రానికి వీధిలో పోలీసు లారీ ఆగింది. అబ్రహాంను చేతులు కట్టి తీసుకుపోయారు.

సువార్త నోట వచ్చిన పేరు ఒక్కటే, పర్వతాలు. రోజూ మధ్యాహ్నం తన చేత్తో అన్నం పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా అని కుమిలిపోయింది.

అంతలోనే యూనియన్ ఫౌజు వచ్చింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. జనాన్ని పీడించిన వాళ్ల ఆనవాళ్లు చెప్పమని మిలిటరీ వాళ్లు అడిగితే, అందరికంటే ముందు సువార్తే వెళ్లింది. మెడ మీద పుట్టుమచ్చతో సహా పర్వతాలు రూపం పూసగుచ్చినట్టు చెప్పి వచ్చింది. అప్పటికిగాని ఆమె కసి తీరలేదు.

మరునాటి సాయంత్రం అబ్రహాం ఇంటికొచ్చాడు. సగమైపోయాడు. సువార్త ఏడ్చి, నవ్వి, వేడివేడిగా అన్నం వడ్డించి పక్కనే కూర్చుంది.

"ఆ మేస్త్రీ సంగతి నేను చూసిన తమ్మీ. ఫౌజోళ్లకు ఆనవాళ్లన్నీ చెప్పిన."

అబ్రహాం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నువ్వా అక్కా చెప్పింది?"

"నేనే. ఏం?"

"ఆయన జైల్ల నా పక్కనే ఉండె. పొద్దుగాల ఇద్దర్ని కలిసే ఇడిసిపెట్టిన్రు. గేటు కాడ మెడ మీది మచ్చ చూసి, ఆయనను ఒక్కణ్ని లారీ ఎక్కించి ఎటో తీస్కపోయిన్రు."

సువార్తకు ఏమీ అర్థం కాలేదు.

"వాడు సి.ఐ.డి. కాదా మరి?"

"సి.ఐ.డి.నే అక్కా," అన్నాడు అబ్రహాం, అన్నం వంక చూస్తూ. "మొదటి దినమే నా దగ్గు ఇన్నడు. అయినా దినాం పోయి ఆ ఇంట్ల ఎవ్వల్లేరని చెప్పిండని, నన్ను పట్టుకున్న నాడే ఆయనను సుత జైల్ల ఏసిన్రు."